రెండు బొడ్రాళ్ల ఊరు

ఈరమ్మని ఒకామె ఉండె. కంకులదిన్నెలో ఉండె. ఆ ఊరికి ఇటు పక్క పెద్దరాజు సీమ, అటు పక్క చిన్నరాజు సీమ, నడాన ఈ ఊరు, ఊరి చుట్టూరా జొన్నచేన్లు. రాజులిద్దరూ ఒక తల్లి బిడ్డలేనంట. ఆ తల్లి ఎవరనుకున్యారు? ఈ ఊరి ఆడబిడ్డే. చిన్నప్పుడు చేలో మంచె ఎక్కి చిలకల్ని తోల్తా ఉంటే, వేటకొచ్చిన రాజు ఆ గొంతు విని గుర్రం దిగి నిలబడిపోయినాడంట. సరే, పెండ్లి చేసుకున్యాడు, ఇద్దరు కొడుకులు పుట్టిరి, ఆయన చచ్చిపోయె, కొడుకులు సీమ పంచుకొని ఎవరికి వాళ్లయిపోయిరి. మాటలు గూడ లేవు. ఎందుకు లేవంటే, చిన్నకోడలు కొత్తగా కాపరానికొచ్చిన దినం పేరంటంలో పెద్దకోడలు అందరికీ కుంకుమ పెట్టి ఆయమ్మను మటుకు దాటుకొని పోయిందంట. కాదు, పెట్టబోతే చిన్నకోడలే మొగం తిప్పుకొనిందని ఇంకొకరు. చూసినోళ్లు ఒక్కరు లేరు, చెప్పేవాళ్లు ఊరు నిండా ఉండారు. పైవీధంతా పెద్దరాజు పక్క, కిందివీధంతా చిన్నరాజు పక్క. తమ కోసరం ఈ ఊర్లో ఇంతమంది కొట్లాడుకుంటాండారని ఆ రాజులకు తెలుసో లేదో.

ఇప్పుడు ఈరమ్మది పైవీధి పుట్టిల్లు, మొగుడు తిమ్మప్పది కిందివీధి. ఏమైందంటే, ఒకనాడు సంగటి తింటా తింటా తిమ్మప్ప అన్నాడంట, కుంకుమ పెట్టని చెయ్యి కూడా ఒక చెయ్యేనా అని. ఈరమ్మ ఊరుకుంటాదా? ఇంటికి పెద్దకోడలు, ముందు ఆమెకు మొక్కాలని తెలీదా ఆ చిన్నదానికి అనె. మాటకు మాట పెరిగి ఎంగిలి చేతులు ఎండిపోయిందాకా కొట్లాడుకొని, ఆపైన మాటలిడిసినారు. మాటలిడిస్తే సంసారం ఎట్ల జరుగుతాదంటావా? బర్రె ఉండాది గదా. ఆమె బర్రె మొగం చూసి అంటాది, సంగటి ఉట్టి మీద ఉండాదని చెప్పు బర్రె అని. ఆయన తిని, బర్రె మొగం చూసి అంటాడు, పప్పులో ఉప్పు చాల్లేదని చెప్పు అని. బర్రె నెమరేస్తా రెండు పక్కలా వింటాది. నవ్వొద్దండి, మీ ఇండ్లల్లో జరగనట్టు.

ఇట్లుంటే యుద్ధం మాట వచ్చె. చిన్నరాజుకు పడమటి దేశం రాజు ఏనుగుల్ని పంపుతాడంట, పెద్దరాజుకు సముద్రం అవతలి దొర ఓడల్ని పంపుతాడంట. కొలిమి కాడ కూర్చున్నోళ్లంతా మంత్రులే అనుకో. ఒకడంటాడు, ఏనుగు ఒక్కటి తాగితే మన కుంట ఎండిపోతాదని. ఇంకొకడంటాడు, ఓడలకు చక్రాలు కట్టి తోలుకొస్తారని. సముద్రం చూసినోడు ఒక్కడూ లేడు. కొట్టుకునేదేమో వాళ్ల జొన్నచేలోనే, ఆ మాట మటుకు ఎవరికీ తట్టలేదు. తిమ్మప్పకు ఏం పొయ్యేకాలమో, కొలిమిలో బరిసె చేపిచ్చుకొని, చిన్నరాజు దండులో చేరతానని ఒప్పుకొని వచ్చినాడు. ఇంటికొచ్చి బర్రెకు చెప్పినాడు. ఈరమ్మకు పోవద్దు అని ఒక్క మాట నాలిక చివరిదాకా వచ్చి నిలిచిపోయె. ముందు మాట్లాడితే ఓడిపోయినట్టు గదా. ఆ రోషం ఉండాదే, అది మనిషిని కాల్చుకు తింటాది. ఒక్కతే చాటుగా ఏడ్చింది, బర్రెకు గూడ చెప్పకుండా.

దండు కదిలే లోపల ఊరికి బొడ్రాయి పాతాలనుకున్యారు పెద్దోళ్లు. బొడ్రాయంటే ఊరికి బొడ్డు అనుకో, ఊరి నడిమధ్యన పాతే రాయి. అది ఉంటే ఊరికి ఏ కీడూ రాదంట. పాతది పగిలిపోయి శానా కాలమాయె. దానికి ఒక కట్టడి ఉండాది. పొలిమేర చుట్టూ పొలి, అంటే బలి నెత్తురు కలిపిన అన్నం, చల్లి ఊరు కట్టినాక లోపలోడు బయటికి పోగూడదు. బయటోడు రావొచ్చు గానీ, వచ్చినాక వాడూ పోగూడదు. ఊరి ఆడబిడ్డలంతా రాయికి నీళ్లు పోసినాకనే కట్టు ఇప్పేది. దాటినోడు రక్తం కక్కుకొని చస్తాడని మాట. రాజైనా అంతే, బంటైనా అంతే. సరే, రాయి యాడ పాతాల? పైవీధోళ్లు మా వీధిలో అనిరి, కిందివీధోళ్లు మా వీధిలో అనిరి. ఎవరూ తగ్గలేదు. ఏం చేసినారో తెలుసునా, ఎవరి రాయి వాళ్లు పాతుకున్యారు. లోకంలో యాడన్నా విన్నారా ఈ మాట? పొలి చల్లినారు, ఊరు కట్టినారు. ఆడబిడ్డలు కొందరు పైరాయికి పోసిరి, కొందరు కిందిరాయికి పోసిరి. మిగిలింది ఒకే ఆడబిడ్డ, రాజుల తల్లి. మొగుడు పోయినా ఆడబిడ్డ ఆడబిడ్డే గదా. మా రాయికి పొయ్యమ్మా అని రెండు వీధులూ ముందే ఆమెకు కబురు పంపి ఉండిరి.

ఆమె వచ్చే దినం తెల్లారుజామున ఈరమ్మకు కల వచ్చింది. మంచు, జొన్నకంకులు మునిగేంత మంచంట. దాంట్లో ఒక రాయి నడుస్తా పోతాంది. చంటిబిడ్డంత రాయి. తప్పిపోయిన బిడ్డ మాదిరి ఆడొకసారి ఈడొకసారి నిలబడుకుంటా, కంకుల్ని అడుగుతాందంట, మా అమ్మ యాడుంది, మా అమ్మ యాడుంది అని. కంకులు తలూపుతాండాయి గానీ చెప్పవు. ఈరమ్మ ఎత్తుకుందామని చెయ్యి చాస్తే చేతినిండా మంచే. లేచి కూర్చోని కలంతా బర్రెకు చెప్పుకునింది. అవతలి మంచం మీద తిమ్మప్ప గూడ లేచి కూర్చున్యాడు. ఆయనా బర్రెకే చెప్పినాడు, నాకూ అదే కల వచ్చె, నేనూ ఎత్తుకుందామని పోతి, నా చేతిలో బరిసె ఉండె, చెయ్యి ఖాళీ లేకపాయె అని. ఆమె బాయికి పోతే ఆడ అందరి మొగాలూ అట్లనే ఉండాయి. ఊరంతటికీ అదే కల. ఎవరూ నోరు విప్పలేదు, నీళ్లు చేదుకొని మెల్లగా పోయినారు. నోరు విప్పకుంటే నీకెట్ల తెలిసెనంటావా? మా అవ్వకు వాళ్లవ్వ చెప్పె, రాసుకో నాయనా నువ్వు.

మంచు ఇంకా ఇడవలేదు, ఎద్దులబండిలో వచ్చి ముసలిరాణి దిగింది. అమ్మ ఎవరి పక్క రాయికి పోస్తాదో చూడాలని కొడుకులిద్దరూ చెరొక పక్కన వచ్చిరి. దండ్లు పొలిమేర కాడ నిలబడిపోయె. రాజులు మటుకు చెప్పులిడిసి లోపలికొచ్చిరి, మేనమామల ఊరు గదా. ఈరమ్మ నీళ్లకడవ తెచ్చి ముసలామె చేతికిచ్చింది. ఆమె ఈ రాయిని చూసె, ఆ రాయిని చూసె, కొడుకుల్ని చూసె.

"ఒక కడుపుకు రెండు బొడ్లుంటాయా నాయనా? అట్లాంటి బిడ్డను నేను కనలేదు" అనె.

అని, కడవ ఒళ్లో పెట్టుకొని రెండు వీధుల నడాన కూర్చునింది. పొయ్యదు. ఎంతమంది బతిమాలినా పొయ్యదు. ఆమె పొయ్యందే కట్టు ఇప్పరు, కట్టు ఇప్పందే ఎవరూ కదలగూడదు. రాజులు లోపల, దండ్లు బయట. తిమ్మప్ప గూడ లోపలే, బరిసె పట్టుకొని. అట్లనే నాలుగు దినాలు జరిగె, ఎట్ల జరిగినాయో ఊరోళ్లకే తెలీదంట. పొద్దెక్కినా మంచు పోలేదు, బయట గుర్రాలు సకిలిస్తే యాడో నీళ్లడుగు నుంచి వినపడినట్టుండె. ఎవరికి ఏది కలో ఏది నిజమో తెలీకపాయె.

రాజైతేనేం, తిన్నోడు పని చెయ్యాల గదా. కంకి గట్టిపడే కాలం, చిలకలు గుంపులు గుంపులు దిగుతాండె. మంచెలెక్కి తోలండిరా అనె తల్లి. ఒక మంచె మీద అన్న, ఒక మంచె మీద తమ్ముడు. ఒకరి మొగం ఒకరు చూడకుండా హో హో అని అరుస్తాండారు. ఈరమ్మ రొట్టెలు తీసుకొనిపోయి కాసేపు చూసింది. చూసి చూసి, మాటలు లేకుంటే ఏమాయె సామీ, చిలకలకు చెప్పుకోండి, మేం మా ఇంట్లో బర్రెకు చెప్పుకుంటాం అనె. రాజుతో అట్లంటారా అని కింద ఉన్నోళ్లు ఆమె కొంగు పట్టి లాగిరి. అప్పుడు తమ్ముడు, ఆకాశం పక్క చూస్తా పిలిచినాడంట.

"ఓ చిలకా, నాయన పోతాంటే ఏటి అవతలుండే నాకు కబురెందుకు పంపలేదో ఆ మనిషిని అడుగు."

అవతలి మంచె మీద నుంచి అన్న గొంతు వచ్చె.

"పంపినానని చెప్పు చిలకా. కబురు మోసినోడు ఏట్లో కొట్టుకపోయె, గుర్రం ఒక్కటే తిరిగొచ్చె. తమ్ముడొస్తాడని నాయన్ను మూడో నాటిదాకా ఎత్తనియ్యలేదని చెప్పు."

చిలకలు కంకుల మీద వాలి తింటాండె, తోలేవాడు లేడు. ఆ గుర్రం మాట అప్పుడే ఎందుకు చెప్పలేదని తమ్ముడు ఈసారి అన్ననే అడిగె. నువ్వొచ్చి అడుగుతావని చూస్తిని, రోషానికి పోతినిరా అని అన్న మంచె మీదనే ఏడ్చె. కింద రెండు వీధులోళ్లూ తలలు దించుకొని నిలబడినారు. ఇన్నాళ్లు కొట్లాడింది కుంకుమ గురించి, ఈడ చూస్తే కుంకుమ మాటే లేదు. రాజులిద్దరూ మంచెలు దిగి, తమ చేతుల్తోనే రెండు రాళ్లనూ పెరికి అమ్మ ముందర పెట్టిరి, ఒకటి అడుగున పరిచి, ఒకటి దాని మీద నిలబెట్టి. అప్పుడు ముసలామె కడవ వంచింది. కట్టు ఇప్పినారు.

అయితే కథ ఆడికి అయిపాయెనా? పిలిచిన చిన్నరాజే వద్దంటే పడమటి రాజు ఊరుకుంటాడా? రోషపడి ఏనుగుల్ని తోలుకొని వస్తానే ఉండాడంట. దండులో చేరినోళ్లంతా రావాలని మళ్లీ తప్పెట కొట్టిరి. తిమ్మప్ప బరిసె భుజాన పెట్టుకొని గడప కాడ నిలబడినాడు. ఈరమ్మ సంగటి వడ్డించి, చెప్పాలని గుంజ పక్క తిరిగింది. గుంజ కాడ బర్రె లేదు, మేతకు పోయింది. ఆమె గుంజను చూసె, తలుగుతాడును చూసె, వాకిలిని చూసె. చూసేదానికి ఇంకేమీ లేక మొగుని మొగం చూసె.

"పోవద్దు" అనె.

తిమ్మప్ప బరిసె గోడకు ఆనిచ్చినాడంట. "ఈ మాట కోసమే గదా ఇన్నాళ్లు బర్రె మొగం చూసింది" అని, కూర్చోని సంగటి తిన్నాడంట.

ఆ ఏనుగులు వచ్చెనా అంటే, ఇంకా దారిలోనే ఉండాయని మా ఊర్లో చెప్తారు, మంచు పడితే ఘీంకారం గూడ వినపడతాదంట. అన్నదమ్ములు మాత్రం కలిసే బతికిరి, కలిసే పోయిరి. అంతా బాగనే ఉండాది గానీ, మీరేమన్నా అనుకోండి, ఇంటికొచ్చిన కొత్తకోడలికి కుంకుమ పెట్టకపోవడం తప్పు కాదా? నాది కిందివీధిలే.