కోడలికి జామీను

హలో… హలో… ఆ, నేనేనమ్మా రోవీనా. మీ అత్తని. వినపడతందా?

… ఆగు, దాబా మీదకి వస్తన్నా. కింద సిగ్నల్ రాదుగా… ఆ, ఇప్పుడు చెప్పు.

తిన్నావా?… ఇంకా లేదా? అదేంది, మీకు పొద్దుగూకి చానాసేపయ్యుంటదిగా. ఇక్కడింకా ఎండ పోలా.

మీ అమ్మకెట్టా ఉంది?… చెయ్యి కదిలిస్తందా! దేవుడికి స్తోత్రం… మాట?… వస్తదిలే. పక్షవాతం పడినోళ్ళకి నిదానంగానే వస్తది. కూతురివి పోయి దగ్గరున్నావు కాబట్టి ఆ మాత్రమన్నా లేచింది.

షారోనా?… ట్యూషన్‌కి పోయింది. వచ్చే వేళయింది… తింటందమ్మా. కూర నచ్చకపోతే గుడ్డు వేయించి పెడతన్నా. తింటంది.

…

ఆ… పోయొచ్చా. పొద్దున్నే బస్సుకి నరసరావుపేట పోలీసాఫీసుకి పోయొచ్చా.

చెప్తా. చెప్దామనే ఫోన్ చేశా. నువ్వెక్కడున్నావు, మీ అమ్మ పక్కనా?… అయితే కాస్త బయటికి రా. రామ్మా, ఆమె ముందర వద్దు.

… వచ్చావా.

వీసా ఇవ్వరంట అమ్మాయ్.

…

రోవీనా… ఉన్నావా?

… సరిగ్గానే విన్నా. తెలుగులోనే చెప్పారు, రెండు మూడు సార్లు చెప్పారు. నీకు ఇవ్వొద్దని ఇక్కడి నుంచే రాసి ఢిల్లీకి పంపారంట. అక్కడోళ్ళు ఆ మాటే మీ దేశంలో ఉన్న మన ఎంబసీకి చెప్తారంట.

ఎందుకంటే… నా వల్లే.

కాదు, నువ్వు ఆగు. నన్ను చెప్పనీ. మధ్యలో నువ్వు మంచిగా మాట్లాడితే నాకు నోరు రాదు.

పోయిన నెల ఒకాయన ఇంటికొచ్చాడని చెప్పా కదా, జిలానీ అని… ఆ, పోలీసాయనే. మామూలు బట్టల్లో వచ్చాడు, నీ గురించి ఎంక్వైరీకి. అంతా బాగా జరిగిందని ఆ రోజు నీకు చెప్పా. బాగా జరిగిందనే అనుకున్నానమ్మా.

మంచోడే. చెప్పులిప్పి లోపలికొచ్చాడు. గోడకి మన రత్నం ఫోటో చూసి, మీ అబ్బాయా అన్నాడు. మా అబ్బాయేనయ్యా, కువైట్‌కి డ్రైవరుగా పోయినప్పుడు అక్కడ చర్చిలో ఈ ఫిలిప్పీన్స్ పిల్లని చూసి పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరూ ఇక్కడికే వచ్చేశారు, దాచేపల్లిలో సిమెంటు ట్యాంకరు తోలేవాడు, ఆ బండే తిరగబడి పోయాడు అని చెప్పా. మీ కోడలికి తెలుగొచ్చా అన్నాడు. రాకేమయ్యా, తిట్లు కూడా వచ్చు అన్నా. నవ్వాడు.

… నవ్వాడమ్మా, నిజంగా. అందుకే నాకు భయం పోయింది.

మరి ఇప్పుడు మళ్ళీ కొత్త వీసా ఎందుకని అడిగితే… వాళ్ళమ్మకి పక్షవాతమొస్తే చూసి రావటానికి పోయిందయ్యా, పోయినాక ఇక్కడి గడువు అయిపోయింది, బిడ్డ నా దగ్గరే ఉంది అన్నా. ఇదివరకు భర్త జామీను మీద ఉన్నది, ఇప్పుడు ఆయన లేడు కదా అన్నాడు. ఆయన లేకపోతే నేను లేనా, ఈసారి జామీను కాగితం మీద వేలిముద్ర వేసింది నేనేగా అన్నా. ‘అయితే నీ కోడలికి జామీను నువ్వేనన్నమాట’ అన్నాడు. నేనేనయ్యా అన్నా. గట్టిగానే అన్నా.

… ఆ తర్వాతే. ఆ తర్వాతే వచ్చింది అసలు ముక్క.

ఆమెని తెచ్చుకుని ఎట్టా సాకుతావమ్మా, నీకేం ఆధారం అన్నాడు.

నాకేముంది చెప్పు? పింఛనొకటి, మిరపకాయ కోతలకి పోతే వచ్చే కూలొకటి. ఆ మాట అనటానికి నోరు పెగల్లా. పక్కింటి బసవమ్మ అంతకుముందే నా చెవిలో వేసింది, వాళ్ళు చూసేది అదొక్కటేనే సువార్తా, వచ్చిన మనిషికి కూడు పుడతదా లేదా అని, లేదన్నావంటే రానియ్యరు అని. అదే తిరగతంది నా బుర్రలో. అందుకని… మా కోడలు ఊరికే కూర్చుని తినే మనిషి కాదు సార్, కాన్వెంటులో ఉద్యోగం చేస్తది, ఇంగ్లీషు టీచరు అన్నా.

…

అవునమ్మా. ఉద్యోగమన్నా.

…

ఏడవబాక. నాకెట్టా తెలుసు! ఆ వీసా మీదున్నోళ్ళు ఇక్కడ పని చెయ్యకూడదని నాకెవరు చెప్పారు?… నీకు తెలుసా?

… రత్నం చెప్పాడా.

మరి నాకెందుకు చెప్పలేదే…

సరేలే. సరే. నువ్వు దాన్ని పనే అనుకోలా. నిజమే, అదేం పని? రత్నం పోయినాక పిల్లకి ఫీజు కట్టలేకపోయాం. ఫీజు బదులు పిల్లోళ్ళకి పాటలు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పిస్తానని నువ్వు పోయావు. చేతికి రూపాయి ఇచ్చింది లేదు. నాకు తెలియదా అది? అట్టా చెప్పినా అయిపోయేది. గొప్పగా ఉంటదని ఉద్యోగమన్నా.

ఏ కాన్వెంటు అన్నాడు. పేరు చెప్పా. రాసుకున్నాడు, కింద నా వేలిముద్ర వేయించుకున్నాడు. నేనిచ్చిన టీ తాగి, వస్తానమ్మా అని పోయాడు.

… అటు నుంచటే కాన్వెంటుకి పోయాడు.

శివరామయ్య గారు, కరెస్పాండెంటు… ఆయనేం చెప్పాడో తెలుసా? ఆమె మా స్కూలు గడపే తొక్కలేదు, ఆమె ఎవరో నాకు తెలియదు అన్నాడంట.

… ఆ, ఆయనే. వార్షికోత్సవానికి నువ్వు పిల్లల చేత డాన్సు చేయిస్తే మైకులో నీ పేరు చదివి శాలువా కప్పిన మనిషే.

ఆయన్ని తిట్టి ఏం లాభమమ్మా. బయటి దేశం మనిషిని పెట్టుకున్నాడని తన స్కూలు మీదికొస్తదని ఆయన భయం. ఇవాళ కూడా నేను బస్సు దిగి ఆ దారినే వస్తంటే గేటు లోపలికి పోయి నిలబడ్డాడు. పలకరించలా. నేనూ పలకరించలా.

… ఇవాళ పిలిస్తే, ఇంకో వేలిముద్రకేమో, వీసా వచ్చిందేమో అనుకుని పోయా. ఉతికిన చీర కట్టుకుని పోయా. వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. జిలానీ గారు అటూ ఇటూ తిరగతన్నాడు గానీ నా వంక చూడలా. చానాసేపటికి వచ్చి నీళ్ళ సీసా ఇచ్చాడు. ‘అమ్మా, నువ్వు ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. అన్నాక నేను రాయకపోతే నా ఉద్యోగం పోతది’ అన్నాడు. అప్పటికీ నాకర్థం కాలా. ఏ మాటయ్యా అన్నా.

లోపల ఆఫీసరు మేడం చెప్పింది. నీ యీడే ఉంటది. కుర్చీ వేయించింది, మర్యాదగానే మాట్లాడింది. ‘అమ్మా, నువ్వు చెప్పింది నిజమైతే నీ కోడలు రూలు తప్పింది. స్కూలాయన చెప్పింది నిజమైతే నువ్వు మాకు అబద్ధం చెప్పావు. అబద్ధం చెప్పిన మనిషి జామీను చెల్లదు. ఏది రాసినా నీ కోడలికి రాదు’ అంది.

…

నేనేం చెయ్యను చెప్పు? ఏ పక్కకి తిరగను?

… అడిగా. అడక్కుండా వస్తానా. అయితే నేనే అబద్ధమాడానని రాయండి మేడం, నా కోడలు ఏ పనీ చెయ్యలా, ముసల్దాన్ని గొప్పలకి పోయి కూశా, కేసు పెడితే నా మీద పెట్టండి, దాని మీద మచ్చ మాత్రం రాయబాకండి అన్నా. ఆఫీసంతా చూస్తంది. నాకు సిగ్గనిపించలా. కాళ్ళు పట్టుకోబోతే ఆమె కుర్చీ వెనక్కి లాక్కుంది.

… లేదు, అరవలేదు. ఆమె కూడా బాధపడింది. నువ్వు వేలిముద్ర వేసిన స్టేట్‌మెంటు ఎప్పుడో పైకి పోయిందమ్మా, ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు అంది. జిలానీ గారూ అదే అన్నాడు, నా చేతిలో లేదని. ఎవరి చేతిలో ఉందయ్యా అంటే మాత్రం ఒక్కళ్ళూ చెప్పరు.

చూపించా. సర్పంచి లెటర్‌ప్యాడ్ మీద రాసిచ్చింది చూపించా, పాస్టరు గారి ఉత్తరం చూపించా. చదివి, మడత పెట్టి తిరిగిచ్చింది. ఇవి ఊళ్ళో పనికొస్తాయమ్మా అంది.

… పెళ్ళి కాగితమూ చూపించా. నువ్వు రత్నం పెళ్ళానివి కాదని ఎవరూ అనలా. షారోన్ తల్లివి కాదనీ అనలా. అవన్నీ ఒప్పుకుంటారు. ఒప్పుకుని కూడా రావద్దంటారు.

మళ్ళీ పెట్టుకోవచ్చంట… ఎప్పటికని చెప్పలా. ఎన్నిసార్లు పెట్టినా ఈ రాసింది కూడా పక్కనే ఉంటదంట.

…

ఎవరి గురించీ మంచిమాట చెప్పని నోరే నీది అంటది బసవమ్మ నన్ను. ఇన్నాళ్ళకి నీ గురించి ఒక్క మంచిమాట చెప్పానమ్మా…

… తిట్టు. నన్ను తిట్టు రోవీనా. వచ్చన్నానుగా తిట్లు… ఎందుకు తిట్టవు? నువ్వు తిడితే నాకు కాస్త బాగుంటది.

…

… ఏందీ?

మళ్ళీ చెప్పు, సరిగా వినపళ్ళా.

…

షారోన్నా?

పంపటమంటే… మీ దేశానికా?

…

ఇక్కడ దానికేం తక్కువ చేశానమ్మా… లేదు, లేదు, నువ్వట్టా అనలా. నాకే అట్టా తగిలింది. చెప్పు, వింటన్నా.

… దానికి పాసుపోర్టు లేదుగా… నువ్వక్కడ ఎంబసీలో రాసిస్తే ఇక్కడ ఇస్తారా… ఇస్తారు సరే, ఎవరు తీసుకొస్తారు దాన్ని? నేనా! నేను గుంటూరు దాటి ఎరగను… మీ తమ్ముడా? హైదరాబాదు దాకా వస్తాడా?… వాడికి మాత్రం వీసా ఇస్తారా?

… చూసిపోయేవాళ్ళకైతే ఇస్తారా.

ఈ ఊరి మొహం ఎరగనివాడికి ఇస్తారు. ఈ ఇంట్లో కాపురం చేసినదానికి ఇవ్వరు.

… అనను. అనను. అని ఏం చేస్తా.

నన్ను కాస్త ఊపిరి తీసుకోనీ అమ్మా.

…

వాడు పోయిన కాడి నుంచి ఈ ఇంట్లో మాట వినపడిందంటే అది షారోన్‌దే. నువ్వు ఆ మూలన, నేను ఈ మూలన. అది మాత్రం వాగతానే ఉండేది. దాని మొహంలో వాడి ముక్కు… నీకు తెలుసుగా.

… తెలుసు. నీ బిడ్డ. మోసిందానివి నువ్వు.

లేదమ్మా, అడ్డం చెప్పట్లా. నా జామీను నీకే పనికిరాలా, దానికేం పనికొస్తది? రేపు నాకేమన్నా అయితే అది ఎవరి గడపలో కూర్చోవాలి?

నీకొకటి చెప్పలా ఇన్నాళ్ళూ. అది బొమ్మని ఒళ్ళో పెట్టుకుని మీ భాషలో ఏదో చెప్తా ఉంటది. నేను పోతే ఆపేస్తది. ఏందే, నాకూ చెప్పవే అంటే, నీకు తెలియదులే నాయనమ్మా అంటది.

… ఏం చెప్తదా? ఏమో మరి, నాకేం తెలుసు. నువ్వు చెప్పిన మాటలే అయ్యుంటాయి.

…

పంపుతా.

… అవునమ్మా, పంపుతాననే అంటన్నా. పరీక్షలు కానీ. ఎండాకాలం సెలవులిచ్చినాక మీ తమ్ముణ్ణి రమ్మను. పాసుపోర్టు పని నేను, పాస్టరు గారు పోయి చేయిస్తాం. ఈసారి ఎవరేం అడిగినా పాస్టరు గారే మాట్లాడతారు. నేను నోరు తెరవను.

మాటిస్తన్నా… దేవుడి ముందర ఇస్తన్నా. ఇంకేం కావాలి?

నేనా?… నా సంగతి వదిలెయ్. నేను వచ్చి ఏం చేస్తా అక్కడ, అక్కడ నాకు జామీను ఎవరుంటారు?… నువ్వా? ఉంటావులే. నువ్వైతే ఉంటావు… వద్దమ్మా, వాడి సమాధి ఇక్కడుంది. నేనూ పోతే దాన్ని చూసే దిక్కుండదు.

…

అదిగో, వస్తంది. సందు మొగన కనపడతంది. సంచి నేల మీద ఈడ్చుకుంటా వస్తంది చూడు… నువ్వు చెప్తావా? వద్దు వద్దు, ఫోన్లో వద్దు. నేనే చెప్తా. అన్నం తిన్నాక చెప్తా… ఎట్టా చెప్పాలో నాకూ తెలియదు. ముందు సంతోషపడతది, అమ్మ దగ్గరికి పోతన్నానని. తర్వాత నువ్వూ వస్తావుగా నాయనమ్మా అంటది. అక్కడే నాకు…

సరేలే. నా తిప్పలు నేను పడతా.

అమ్మాయ్, ఒక మాట. మీ అమ్మని అది ఏమని పిలవాలి?

… లోలా?

లోలా… అంటే అమ్మమ్మనా?… నాయనమ్మకీ అదేనా? ఇద్దరికీ ఒకటే మాటనా?

… మంచిదే.

లోలా. పలకటానికి బాగానే ఉంది. పోయేలోపల దాని నోటికి అలవాటు చేస్తా. మీ అమ్మని చూడంగానే పిలిచిందంటే, మాట రాకపోయినా ఆమె మొహం…

ఆ, ఇక్కడ దాబా మీదున్నానే! వస్తన్నా, సంచి అక్కడ పెట్టు!

… మెట్లెక్కుతందమ్మా. నా మొహం చూస్తే అడుగుద్ది. రేపు చేస్తా… ఉంటా. పెట్టేస్తన్నా.