మెడ కొలత

కదలకురా తమ్ముడూ! గడ్డం పైకెత్తు. టేపు లేకుండా ఒక్క చూపుతో మెడ కొలత చెప్పేస్తానని అందరి దగ్గరా చెప్పుకుంటాను కదా, అది గొప్ప కాదు. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ల మెడ మీద చల్లటి టేపు పెట్టకూడదన్న మర్యాద. అంతే.

మరి నీకెందుకు పెడుతున్నానంటావా? మాట్లాడకు, టేపు జారుతుంది.

పదహారు. నాన్నదీ పదహారే, నాదీ పదహారే. ఆయన పోయాక ఆయన చొక్కాలు తొడుక్కుంటే కాలరు గుండీ కూడా జరపాల్సిన పని లేకపోయింది. ఎంత మురిసిపోయానో! "అచ్చం మామయ్యగారే" అని మీ వదిన చేత కూడా అనిపించుకున్నాను. పై కొలతలే కాదు, లోపలివీ దిగుతాయని ఎవడికి తెలుసు?

ఆర్నెల్ల కిందట నా మెడకి జెల్ పూసి స్కానింగ్ తీశారు. అదీ చల్లగానే ఉంది, దొంగది. లోపల రక్తనాళం గోడ మందమెక్కిందట. కాలరు బిగువుగా నిలవడానికి వేసే బక్రం గుడ్డ ఒక పొర ఎక్కువ పెట్టినట్టు. మెడలో ఇలా ఉంటే గుండె దగ్గరా ఉండొచ్చట.

బీడీలండీ, అన్నాను. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందేమోనని! డాక్టరమ్మ వింటేనా? "మీ నాన్నగారు ఎలా పోయారు?" అంది. గుండెపోటండీ, యాభై ఒకటో ఏట. "బీడీలు కొంత, పుట్టుక కొంత. తోడబుట్టినవాళ్లుంటే పంపండి. ముందే చూస్తే మందులతో అదుపులో పెట్టొచ్చు" అంది.

ఏమిటా చూపు? నువ్వు బీడీ ముట్టవు, పొద్దున్నే నడుస్తావు, నూనె కనబడితే మొహం తిప్పుకుంటావు. తెలుసురా. అందుకే దాచాను. తప్పంతా నా బీడీలదే అయితే నీకు భయం ఉండదు కదా, అలాగే ఉండనిద్దాం అనుకున్నాను.

మొన్న నువ్వు ఈ మెట్లెక్కి ఆయాసపడుతూ గుమ్మం పట్టుకుని నిలబడ్డావు చూడు. చెప్పులో రాయి అన్నావు. నేనూ మొదట్లో రాయనే అన్నాను.

కొత్త చొక్కా అని పిలిచింది అబద్ధం. నీ కొలత నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇప్పటికి మూడుసార్లు నీ మెడ చుట్టూ టేపు తిప్పాను, చెప్పేది వాయిదా వేస్తూ.

రేపు పదింటికి, ఆ డాక్టరమ్మ దగ్గర. నీ పేరు రాయించాను. నేనూ వస్తాను. కూర్చోరా, గుడ్డ తెచ్చాను, చొక్కా కూడా కుడతాలే.

ముప్పై ఏళ్లుగా మెడలు కొలుస్తున్నాను. తమ్ముణ్ణి భయపడమని ఎలా చెప్పాలో మాత్రం ఇంకా నేర్చుకోలేదు.