పాత చిరునామా

టీ వద్దు బావగారూ. ఆరు రోజులుగా మీరిచ్చిన టీలు తాగుతూనే ఉన్నాను, ఇక గొంతు దిగదు. కూర్చోండి. అందరూ భోజనాలకి వెళ్లారు, మనిద్దరమే ఉన్నాం.

అక్కకి చెప్పొద్దంటారా? అక్క సంగతి తర్వాత చూద్దాం.

"పేరు దొరకలేదు." ఆస్పత్రి మందుల కౌంటర్‌కి నేను రాసిన ప్రోగ్రామ్ ఆరు రోజులూ ఇదే పాట పాడింది. ఏ మందు ఎంత ఉందో సర్వర్‌లో ఆ లెక్కలు చూసే భాగాన్ని పేరు పెట్టి అడగడమే దాని పని. అది అడగడం, పేరు దొరకలేదనడం.

"పేరు కూడా సరిగ్గా రాయలేని మనిషికి ఉద్యోగం పర్మనెంట్ చెయ్యాలా?" అని మేనేజరు నలుగురిలో అన్నాడు. డిగ్రీ లేదుగా, పుస్తకాలు చదివి నేర్చుకున్నదాన్నిగా, లోకువ. మీరు పక్కనే కూర్చుని కళ్లజోడు తుడుచుకున్నారు. అంత మురికి పట్టిందా దానికి?

సర్వర్ లోపల నడిచే ప్రోగ్రామ్‌లకి పేరు చాలు, బయట విడిగా నడిచేదానికి మాత్రం ఏ సర్వర్‌ని అడగాలో ఒక ఫైల్లో చిరునామా రాసివ్వాలి. ఈ ముక్క నేర్పింది మీరే. రాసిచ్చాను. కొత్త సర్వర్ చిరునామా, పదిసార్లు సరిచూసుకుని మరీ. రెండో రోజు మిమ్మల్నే అడిగాను, "ఇలాంటి ఫైలు ఇంకెక్కడైనా ఉందా?" అని. "ఎందుకుంటుందమ్మా" అన్నారు. అమ్మా అని కూడా అన్నారు.

మూడో రోజు మీరు సీట్లో లేనప్పుడు మీ మిషన్‌లో నడిపి చూశాను. చక్కగా నడిచింది. అదే ప్రోగ్రామ్, అదే పేరు. అప్పుడు నా మిషన్‌కొచ్చి దాన్నే నిలదీశాను, ఎవర్ని అడుగుతున్నావో చెప్పవే అని. పాత సర్వర్‌నట. ఆ ముసలిది ఇంకా ఆన్‌లోనే ఉంది, పలుకుతోంది, ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరంటోంది. నిజమే చెబుతోంది పాపం.

మన ప్రోగ్రామ్‌లన్నీ వాడుకునే, మీరు రాసిన కోడ్ లైబ్రరీలో నా ఫైలు పేరుతోనే ఇంకో ఫైలుంది, పాత చిరునామాతో. ప్రోగ్రామ్‌కి ముందు కంటబడేది అదే. ఇక నాది చూసేదెవరు?

మర్చిపోయారా? మనిషన్నాక మరుపు సహజం. మరి రెండో రోజు, నేనడిగిన గంటలో, మీ మిషన్‌లో మాత్రం అది ఎందుకు తీసేశారు? లైబ్రరీ మార్చిన తారీఖూ టైమూ మీ మిషన్‌లోనే ఉన్నాయి. నా దగ్గరా, కౌంటర్ దగ్గరా మాత్రం ఉంచేశారు. వచ్చే నెల మీకు ప్రమోషన్. మీ లైబ్రరీకి మచ్చ రాకూడదు. మరదలికి వస్తే అదే కడుక్కుంటుంది.

పొద్దున ఆ ఫైలు తీసేశాను. కౌంటర్ నడుస్తోంది. రిపోర్టు కూడా పంపేశాను, మీ పేరుతో సహా. అలా చూడకండి, నా పేరూ రాశాను.

ఎందుకంటారా? నాకు మూడో రోజే తెలిసింది కదా. మీరే వచ్చి చెబుతారని చూశాను. రోజూ టీ తెచ్చారు గానీ ఆ ఒక్క మాట తేలేదు. అన్నాళ్లూ కింద మందులాయన చేత్తో చీటీలు రాశాడు. క్యూ మెట్ల మీదికి పాకింది. నిన్న ఒక పెద్దావిడ నిలబడలేక మెట్టు మీదే కూలబడింది. ఆవిడ పక్కనుంచే పైకొచ్చాను. ఆ ఫైలు తియ్యడం నిమిషం పని, చెయ్యలేదు.

ఏం చేస్తాం లెండి. ఎవరి శిష్యురాలిని మరి.