ఆగి ఆగి పలకరించే వైకుంఠరావు గారు

సభాధ్యక్షులు కాశయ్య గారికి, బరంపురం నుంచి ఎండలో వచ్చిన పెద్దలకు, మన ఛత్రపూర్ ఆఫీసు మిత్రులకు, ముందు వరసలో కూర్చున్న బుల్లమ్మ వదినకు నమస్కారం. నేను ఆడిట్ సెక్షన్ పద్మినిని. నాకు అందరి మీదా అనుమానమేనని మీలో చాలామంది చాటుగా అంటారు, అది నాకు తెలుసు. (నవ్వులు)

ఇవాళ రిటైరవుతున్న వైకుంఠరావు అన్నయ్య గురించి నాకు ముందు మాట్లాడినవాళ్ళంతా ఒకటే చెప్పారు. స్టేషన్ నుంచి ఆఫీసుకు నడిచి వస్తూ ప్రతి కొట్టు దగ్గరా ఆగి, ప్యూను మొదలుకుని పాలవాడి దాకా అందరి మంచిచెడ్డలూ అడిగే మనిషి అని, ఇంత కలుపుగోలు మనిషి మళ్ళీ మనకు దొరకడని. నేనూ చప్పట్లు కొట్టాను గానీ మనసు ఒప్పుకోలేదు. ఎందుకంటే ఒకప్పుడు ఈయన ఎవరినీ పట్టించుకోకుండా విసవిసా నడిచేవారు. ఈ పలకరింపులు ఈ మధ్యే మొదలయ్యాయి. మొదట్లో ఆఫీసు కబుర్లు కూపీ లాగుతున్నారేమో అనుకున్నాను, క్షమించండి అన్నయ్యా. (నవ్వులు) మొన్న ఆదివారం మూసి ఉన్న కొట్టు ముందు నిలబడి తాళం కేసి చూస్తుంటే మాత్రం దగ్గరికి వెళ్ళాను.

"ఇక్కడెవరున్నారని ఆగారు?" అని అడిగితే, "ఏటమ్మా, నిలబడినా అనుమానమేనా? సుగరు కంట్రోల్లోనే ఉంది, రిపోర్టు సూడు" అన్నారు. సుగరు సంగతి నేనడగలేదే.

వాళ్ళింటికి వెళ్ళి బుల్లమ్మ వదినను అడిగాను. "పిక్క పట్టేస్తాది, కాసేపాగితే ఒగ్గేస్తాది, మల్లీ నడుస్తారు. ఎవులికీ సెప్పొద్దన్నారు" అన్నారు.

అస్కాలో మా నాన్న కూడా ఇలాగే ఆగి ఆగి నడిచేవారు. ఏళ్ళ తరబడి షుగరును లెక్కచెయ్యక, బీడీ మానక, చివర్లో మాత్రలతో అదుపులోకి తెచ్చుకుని నిశ్చింతగా ఉన్నారు. కాలి రక్తనాళాలు అప్పటికే పూడుకుపోయాయని, కాలు తీసేసే రోజున డాక్టరు చెబితే తెలిసింది. రక్తంలో చక్కెర ఎంతుందో చూపే రిపోర్టు, పాదందాకా రక్తం అందుతోందో లేదో చెప్పదు. నాకీ అనుమానపు జబ్బు పట్టింది ఆ రోజే.

బయట బ్యాండు సిద్ధంగా ఉంది. రిటైరైనవారిని ఇంటిదాకా మేళంతో నడిపించుకెళ్ళడం మన ఆఫీసు ఆనవాయితీ. చాటుగా అడిగితే ఒప్పుకోరు గనక అందరి ముందూ అడుగుతున్నాను. అన్నయ్యా, ఎక్కడా ఆగకుండా అంత దూరం నడవగలరా?

(వైకుంఠరావు గారు తల అడ్డంగా ఊపారు.)

నా అనుమానం తప్పయితే బాగుండునని నేను కోరుకోవడం ఇదే మొదటిసారి. కాశయ్య గారూ, బ్యాండు వాళ్ళను పంపేసి జీపు తెప్పించండి. ఇంటికి కాదు, బరంపురానికి. అక్కడి రక్తనాళాల డాక్టరు గారు సాయంత్రం దాకా ఉంటారని ఫోను చేసి కనుక్కునే ఇక్కడికి వచ్చాను. వదినా, మీరూ ఎక్కండి. ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. నేనూ ఆ జీపులోనే వెళ్తున్నాను, సెలవు.