లింగమూర్తి చూసొచ్చిన తుంబరిక దేశం

కరోనా లాక్‌డౌన్‌తో సూరత్‌లో మగ్గాలు ఆగిపోయి ఏడు వారాలైంది. లింబాయత్ సందుల్లో చప్పుడు లేక చెవులు దిబ్బడేసినట్టుండేది. ఊరికి పోదామంటే బండ్లు లేవు, సందు దాటుదామంటే పోలీసులు ఉన్నారు. ఆ మే నెలలో మధ్యాహ్నం అన్నాలయ్యాక, పనిలేని మగవాళ్లంతా సారక్క మెస్సు ముందరి అరుగు మీద, మూతికి కట్టుకున్న దస్తీలు గదవ కిందికి లాక్కుని కూర్చునేవారు. కూర్చునేది పది మంది, మాట్లాడేది లింగమూర్తి ఒక్కడు.

లింగమూర్తి మగ్గాలు బాగుచేసే మాస్టర్. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. పనిమంతుడే. కాకపోతే ఎక్కడో ఒక బోల్టు బిగించి వచ్చాడంటే, అరుగు ఎక్కేసరికి అది మిల్లు మొత్తాన్ని కూలిపోకుండా ఆపిన కథ అయ్యేది. ఈ సంగతి అందరికంటే ఎక్కువ అతనికే తెలుసు. ఇయ్యాల ఉన్నదున్నట్టు చెప్దామనుకునే నోరు తెరిచేవాడు. రెండో మాటకే నాలుక ముందు ఉరికేది, దాన్ని పట్టుకోవడానికి తను వెనక ఉరికేవాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం అతనికి కథ చెప్పక తప్పని పరిస్థితి. దానికి కారణం ఆగయ్య.

ఆగయ్య అరవై ఏళ్ల మనిషి, కండెలు చుట్టే పని. ఊళ్లో ఆయన భార్య ఎల్లవ్వ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పక్కింటివాళ్లు ఇంత గంజి పోస్తున్నారు. ఊరికి పోయేవాళ్లకు రైళ్లు వేస్తున్నారని, పేర్లు రాసిన కాయితాలు బడిలో కూర్చున్న సర్కారు సాబుకు ఇవ్వాలని కబురొస్తే, ఆగయ్య, బిక్షపతి, ఇంకో ఏడుగురు తమ కాయితాలు తెచ్చి లింగమూర్తి చేతిలో పెట్టారు. గుజరాతీ గలగలా మాట్లాడేది అతనొక్కడే మరి.

లింగమూర్తి బయల్దేరాడు కూడా. చౌరస్తాలో అడ్డం పెట్టిన కర్రల వెనక ఒక పోలీసు నిలబడి ఉన్నాడు. ఇంకా ముప్పై అడుగులుండగానే ఆ పోలీసు చెయ్యెత్తి, ఎక్కడికని అడిగాడు. అంతే, లింగమూర్తి కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. మెస్సు దగ్గర సారక్క ఇచ్చినవా తమ్మీ అని అడిగితే, ఇయ్యలేదు అందామనుకున్నాడు. నోరు మాత్రం, ఇచ్చిన, సాబు నాతోని కలిసి చాయ్ తాగిండు అన్నది. ఇది జరిగి పది రోజులు. కాయితాలు అతని పరుపు కింద ఉన్నాయి. ఆగయ్య రైలు సంగతి ఎత్తబోయినప్పుడల్లా లింగమూర్తి ఒక కథ ఎత్తుకునేవాడు.

ఆ రోజు ఆగయ్య ఊరికి ఫోన్ చేసి వచ్చి, అరుగు చివర కూర్చున్నాడు. ఆ మొహం లింగమూర్తి చూశాడు. గబగబా గొంతు సవరించుకున్నాడు.

మొదలుపెట్టడం చిన్నగానే మొదలుపెట్టాడు. ఒకప్పుడు సూరత్ పక్కనే ఉన్న సచిన్ అనే ఊళ్లో ఒక మగ్గం ఆగిపోయింది. కిమ్ అనే ఇంకో ఊరి నుంచి ముగ్గురు మాస్టర్లు వచ్చి చేతులెత్తేశారు. తను వెళ్లి, మగ్గానికి చెవి ఆనించి విని, ఒకే ఒక్క బోల్టు పావు చుట్టు తిప్పాడు. ఇంతవరకు నిజంగానే జరిగింది, ముగ్గురు మాస్టర్లు తప్ప. అక్కడ ఆగితే బాగుండేది. కానీ ఆగయ్య తల ఎత్తి ఇటు చూస్తున్నాడు.

"అటెన్క ఏమైందో ఎర్కేనా?" అన్నాడు లింగమూర్తి.

అటెన్క సేటు అతన్ని కావలించుకుని ఏడ్చాడట. నీలాంటోడు ఈ దేశంల ఉండొద్దని, పన్నెండు మగ్గాలతో పాటు ఓడ ఎక్కించి తుంబరిక అనే దీవికి పంపాడట. పదమూడు రోజులు నీళ్లే నీళ్లు. పద్నాలుగో రోజు పొద్దున దేశం కనబడింది. దేశమంటే ఎంతనుకున్నారు? ఈ కొసన ఒకడు తుమ్మితే ఆ కొసన ఉన్న ముసలవ్వ సల్లగుండు బిడ్డా అంటుందట. అక్కడి మనుషులు సన్నగా, పొడుగ్గా ఉంటారు. ఎందుకంటే పడుకోవడానికి జాగా లేక తరతరాలుగా నిలబడే నిద్రపోతారు.

ఎవరో నవ్వారు. నవ్వు వినబడగానే లింగమూర్తికి హుషారొచ్చింది. ఆ దేశంలో పదకొండు పట్నాలున్నాయనీ, ఒక పట్నం నుంచి ఇంకోదానికి రైల్లో పోవాలంటే రెండు పూటల సద్ది కట్టుకోవాలనీ అన్నాడు.

పాతికేళ్ల బిక్షపతికి లెక్క కుదరలేదు. తుమ్మితే ఇనబడే దేశంల రైలెందుకు మాస్టర్ అని అడిగాడు.

లింగమూర్తి గుటక వేశాడు. కానీ అతని నాలుక ఎప్పుడూ గుటక వేయదు. పిచ్చోడా, సముద్రం వెనక్కి పోతది గద అన్నది. పొద్దున నీళ్లు ముందుకొచ్చినప్పుడు ఆ దేశం మన సందంత, సాయంత్రం నీళ్లు వెనక్కి పోతే మన గుజరాత్ అంత. పొద్దున జనాభా నాలుగు వేలు, సాయంత్రం మూడు లక్షలు. మిగతావాళ్లు ఏమైతరంటవా, పొద్దుగూకే దాకా పడవలల్ల కూసోని ఎదురుచూస్తరు. అక్కడ పొలం కొంటే గంటలు రాసిస్తరు. ఒకాయనకు నాలుగు గంటల పొలం ఉంటే పొద్దుగూకినంక ఆ నాలుగు గంటలే దున్నుకోవాలె, ఆ తర్వాత అది చేపలది.

బిక్షపతి ఇక అడగలేదు. సారక్క కూడా బియ్యం చాట పట్టుకుని గడప దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎవరూ రైళ్లు లేవనీ పోలీసులున్నారనీ అనుకోకుండా అంతసేపు గడిచి చాలా రోజులైంది. లింగమూర్తికి లోపల ఒక మూల, తను చేసేది మంచిపనే కదా అనిపించింది. ఇంకో మూల పరుపు కింది కాయితాలు గుచ్చుకున్నాయి. ఆ గుచ్చుకోవడం తెలియకుండా ఉండాలని కథని ఇంకా పైకి లేపాడు.

తుంబరికలో దారం దొరకదు, అలల నురుగుతోనే నేస్తారు. ఆ చీరలు ఆరేస్తే ఎగిరిపోతాయని అంచులకు రాళ్లు కుడతారు. అక్కడ కరెంటు లేకపోతే, తను పన్నెండు మగ్గాలకు పన్నెండు అలలను కట్టాడు. అల వస్తే ఒక పోగు, అల పోతే ఒక పోగు. వారం తిరిగేసరికి నేసిన బట్ట దేశానికి తొమ్మిది చుట్లు చుట్టినా మిగిలింది. మిగిలినది పెట్టడానికి జాగా లేక పక్క దేశాన్ని బతిమాలారు.

ఈ సంగతి రాజుకు తెలిసింది. ఏడడుగుల కావలివాళ్లు నలభై మంది ఈటెలు పట్టుకుని వచ్చి, నీ కాయితాలు ఏవని అడిగారు.

"భయపడ్డనా?" అన్నాడు లింగమూర్తి, ఛాతీ విరిచి. "నలభై మందిని ఇటు అటు జరిపి, సక్కగ దర్బారుకు పోయిన. కాయితాలు రాజు చేతులనే పెట్టిన. ఆయన లేచి నిలవడి, నువ్వు గిట్ల కూసో మాస్టర్ అని తన కుర్చీ ఇచ్చిండు. గా దినం నుంచి ఆ దేశం..."

"లింగం," అన్నాడు ఆగయ్య.

పది రోజుల్లో ఆయన కథకు అడ్డం రావడం అదే మొదలు. గొంతు పెంచలేదు. కోపం కూడా లేదు.

"రాజుకు నీ కాయితాలిచ్చినవ్, మంచిది. మా కాయితాలు ఎవ్వలకిచ్చినవ్?"

లింగమూర్తి నాలుక మీదికి అప్పటికే ఒక సాబు వచ్చి కూర్చున్నాడు. ఆ సాబుకు పేరుంది, కళ్లద్దాలున్నాయి, కరీంనగర్‌లో ఒక స్నేహితుడు కూడా ఉన్నాడు. ఒక్క మాట అంటే చాలు, ఆగయ్య ఇంకో పది రోజులు ఆగుతాడు. అవతల ఎల్లవ్వ కూడా ఆగాలి. లింగమూర్తి ఆ సాబును మింగేశాడు.

"ఇయ్యలే కాకా," అన్నాడు. "పరుపు కింద ఉన్నయ్."

సారక్క చేతిలో చాట ఆగిపోయింది. పోలీసు కొట్టిండా అని బిక్షపతి మెల్లగా అడిగాడు. కొడితే బాగుండు, చెప్పుకోవడానికి ఒక వాత అన్నా మిగిలేదని లింగమూర్తి అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు, ఎక్కడికని అడిగాడు, అంతే. నలభై మందిని జరిపినోన్ని, ఒక్కని కాడ నుంచి వాపస్ వచ్చిన అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతనే నవ్వబోతే నవ్వు సగంలో తెగిపోయింది.

ఆగయ్య లేచి దస్తీ మూతికి కట్టుకున్నాడు. "బడి ఎన్నింటి దాకా తెరిచుంటది?"

"ఐదు."

"నడువు. కాయితాలు తెచ్చుకో."

ఇద్దరూ ఎర్రటి ఎండలో నడిచారు. చౌరస్తాలో అదే పోలీసు ఉన్నాడు. చెయ్యెత్తి ఎక్కడికని అడిగాడు. లింగమూర్తికి ఇరవై ఆరేళ్ల గుజరాతీ ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఆగయ్య కాయితాలు ముందుకు చాపాడు. పోలీసు వాటిని ముట్టుకోలేదు. దూరం నుంచే చూసి, ఎడంగా నడవమని చెప్పి, అడ్డకర్ర పక్కకు జరిపాడు.

బడి దగ్గర వరసలో గంటన్నర నిలబడ్డారు. కాయితాలు తీసుకునే మనిషి తొమ్మిది పేర్లూ రాసుకుని, శనివారం బండికి రమ్మన్నాడు. కాయితాలు మొన్ననే వచ్చి ఉంటే మొన్నటి బండికే పోయేవాళ్లని కూడా అన్నాడు. ఆగయ్య ఆ మాట విని తల ఊపాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో లింగమూర్తిని ఒక్క మాట అనలేదు. లింగమూర్తికి నాలుగు దెబ్బలు తిన్నట్టే ఉంది.

అరుగు మీద అందరూ అలాగే కూర్చుని ఉన్నారు. ఏమైంది మాస్టర్ అని బిక్షపతి ఎదురొచ్చాడు.

"లైన్ల నిలవడ్డం. ఇచ్చినం. శనివారం బండి," అన్నాడు లింగమూర్తి.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అతను చెప్పిన వాటిలో అంత చిన్న కథ లేదు. అది ఒక్కరూ నమ్మలేదు. సారక్క అయితే అతని మొహం వైపు కూడా చూడకుండా ఆగయ్య వైపు తిరిగింది. ఆగయ్య అంగీ జేబులోంచి ముద్రేసిన రశీదు తీసి ఆమె చేతిలో పెట్టాడు.