బుచ్చవ్వ రాయి

మొన్న పసుపు చేన్ల కలుపు తీస్తుంటే బుచ్చవ్వ ముంగట ఆకాశంకెళ్లి నల్ల రాయి పడ్డది. చెప్తే ఊరంత నవ్వింది, ఎండకు మతి తప్పిందన్నది. సంగతి తెలిసి రేపు యూనివర్సిటీ సార్లు రాయిని చూడనీకి అస్తున్నరు. రాయేమో రాజనర్సు పటేలు ఇంట్ల ఉన్నది. చూసిస్త అని తీస్కపోయి రెండొద్దులాయె. అది అడుగుదామని పగటి పన్నెండింటికి ఆమె కథలాపూర్ల విఠల్ చాయ్ హోటల్ కాడికి అచ్చింది.

"ఆగు బుచ్చవ్వా, ఇస్త, యాడికి పోతది? ముందుగాల ఇను," అని రాజనర్సు మొదలు వెట్టిండు. "ఒమన్ల ఎడారిల, ఆకాశంకెళ్లి పడ్డ రాళ్లు ఏరే సార్లకు ఏడేండ్లు జీపు తోలిన. గీ నల్ల రాయిని చూడంగనే గుర్తువట్టిన. ఇది ఎన్నడు నిప్పుల కరగలే. భూమి పుట్టకముందటి మన్ను, ఎట్లున్నది గట్లనే ఉన్నది. పగిలిన కాడ ఆవగింజలోలె గుండ్రటి పలుకులు. ముక్కు కాడ పెట్టుకున్న, తొలకరి వాన వాసన!"

"రాయికి వాన వాసనేందే?" అన్నడు విఠల్.

"దాని తల్లి వాసన రా! తల్లంటే సూర్యుని సుట్టు తిరిగే గుట్ట, మన కొండగట్టంత. లోపట మంచు కరిగి నీళ్లైనయ్, గా నీళ్లల్ల నాని నాని రాయి మన్నైంది. ఎవ్వలు చూడని నీళ్లు, ఎవ్వలు తాగని నీళ్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెవి ఆనిచ్చిన. లోపట బొట్టు, బొట్టు అని సప్పుడు. ఇంట్ల ఉత్త బిందెలన్నీ గట్లనే సప్పుడు జేస్తున్నయ్, పట్టపగలు! మా కుక్క దర్వాజ దాటి లోపటికి రాలే."

"మీ కుక్క పోయిన యేడే సచ్చిపాయె గద?" అన్నడు విఠల్.

"గదే చెప్తున్న! సచ్చిన కుక్క గూడ భయానికి లోపటికి రాలే. నవ్వకుర్రి. మూడోపారి చెవి పెట్టేసరికి నేను ఇంట్ల లేను, గా తల్లి మీద నిలవడ్డ. మీద లేదు, కింద లేదు. సూర్యుడు శెనగగింజంత. నల్లటి తడి మన్నుల మోకాళ్ల దాంక దిగవడ్డ. గాలి లేదు, సప్పుడు లేదు. కాళ్ల కిందికెళ్లి ఒక గొంతు లేసింది. ‘ఇంకో గుట్ట అచ్చి నన్ను గుద్దింది. నా పిల్లలు ముక్కలు ముక్కలై పోయిండ్రు. ఒకటి మీ దిక్కు పడ్డది. ఎవలు తీసిండ్రు?’ అనడిగింది. నాకు పాణం పోయినట్టైంది. బుచ్చవ్వ పేరు చెప్పిన."

విఠల్ నవ్వు ఆగిపోయింది. పాలు పొంగి పొయ్యిల పడ్డయ్.

"నా పేరెందుకు చెప్పినవ్ పటేలా?" అన్నది బుచ్చవ్వ.

"నేనే సర్ది చెప్పిన తియ్యి. ‘నీ బిడ్డను నువ్వు తీస్కపో తల్లీ’ అన్న. కండ్లు తెరిసేసరికి ఒళ్లె రాయి లేదు. తల్లే తీస్కపోయింది. ఇగ అడగకు బుచ్చవ్వా, అడిగినోళ్ల ఇంటికి అస్తదట."

బుచ్చవ్వ మెల్లగ లేసి రాజనర్సు చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పింది.

"గోర్లల్ల గీ నల్ల బురద ఏంది పటేలా? పసుపు గూడ అంటింది."

రాజనర్సు చెయ్యి గుంజుకుందామని చూసిండు. ఆమె ఇడువలే.

"పసుపు కుంకుమ పెడదామని... కడిగిన అవ్వా. చెంబెడు నీళ్లు పోసిన, గంతే. చేతులనే పొడిపొడై బురదైపోయింది. గసొంటి రాయికి నీళ్లు తగలొద్దని సార్లు ఏడేండ్లు మొత్తుకున్నరు. యాదికి రాలే."

"యాడ పారబోసినవ్?"

"బచ్చలి పాదుల."

బుచ్చవ్వ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "ఊరంత నన్ను పిచ్చిదన్నది. గా రాయొక్కటే నా దిక్కు ఉన్నదనుకున్న," అన్నది. కొంగుతోని మొఖం తుడుసుకుని, విఠల్‌ను అడిగి ఒక గిన్నె తీస్కుని రాజనర్సు చేతుల పెట్టింది.

"నడువు, పాదులకెళ్లి ఎంత దొరికితె గంత ఎత్తియ్యి. రేపు సార్లచ్చినంక గీ గిన్నె వట్టుకుని నువ్వే నిలవడాలె. బుచ్చవ్వ అబద్ధం ఆడలే, రాయిని నేనే ఆగం జేసిన అని ఊరంత ఇనేటట్టు చెప్పాలె. రేపొక్కనాడు కోతలు లేకుంట చెప్పు పటేలా."