నీడకన్నా ముందొచ్చిన సరంగు

ఆ సరంగు ముప్పై ఏళ్ళు ఇసక బార్జీ, అంటే ఇసక మోసే వెడల్పాటి పడవ, నడిపాడు. ఇసక బార్జీ వేగం సంగతి చెప్పనక్కర్లేదు. ఒడ్డున నడిచే మనిషి ఆగి, బీడీ ముట్టించుకుని, ఇంటి విషయాలు నలుగురితో మాట్లాడుకుని కూడా దాన్ని మళ్ళీ అందుకోవచ్చు. అలాంటి బార్జీ మీద కూర్చునే ఆయన తుపాన్లు దాటాడు, తిమింగలంతో పందెం వేసి గెలిచాడు, ఒకసారి లంగరు గట్టిగా వేసేసరికి భూమి తిరగడం ఆగి ఆ పూట సూర్యుడు ఆలస్యంగా అస్తమించాడు. ఇవన్నీ ఆయన నోటితో ఆయన చెప్పినవే. అందుకే రేవులో అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, కోతల సరంగు అంటేనే తెలుస్తుంది.

రేవు గేటు పక్కన ఉన్న టీకొట్టు ఆయన భార్యది. పోయిన నెల బార్జీని పాత ఇనుముకి తోలేశారు. అప్పటినుంచి సరంగు కొట్టులో బల్ల మీదే ఉంటున్నాడు, ఇల్లంతా టీకొట్టు మీదే నడుస్తోంది, నడవడమంటే కుంటడమే. ఇంతలో రేవు ఆఫీసువాళ్ళు దీవుల్లోంచి రోగుల్ని ఆసుపత్రికి తేవడానికి కొత్త స్పీడుబోటు కొన్నారు. దానికి సరంగు కావాలి. ఒక్క ఉద్యోగానికి నలుగురు పోటీ. బోటుతో పాటు నేర్పడానికి ఒక మేడమ్ వచ్చింది. పొద్దున నలుగురినీ ఒక్కొక్కరిగా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. మధ్యాహ్నం ఒక్కొక్కళ్ళనీ ఒంటరిగా పంపింది, రాళ్ళకట్ట మలుపు దాటి, దీపస్తంభం చుట్టి రావాలని. మలుపు దాటితే ఒడ్డున ఉన్నవాళ్ళకి బోటు కనబడదు.

నాలుగింటికి సరంగు తడిచొక్కాతో కొట్టుకొచ్చాడు.

"ఏమయ్యా, ఏమైంది? ఉద్యోగం ఇస్తామన్నారా?" అంది భార్య.

"ముందు టీ పొయ్యవే," అని బల్ల మీద కూలబడ్డాడు.

ఆయన అవుననలేదు, కాదనలేదు. పైగా పక్కనే వెల్డరు, వలలు బాగుచేసే తాత గ్లాసులు పట్టుకుని కూర్చునున్నారు. వాళ్ళవైపు తిరిగి సరంగు చొక్కా కాలరు సర్దుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ కనిపెట్టిన సంగతి ఒకటుంది. లోపల భయం ఎంత ఉంటే ఆయన కోత అంత పొడుగుంటుంది.

"ఏం సరంగూ, కొత్త బోటు ఎక్కావట?" అన్నాడు తాత.

"ఎక్కడమేంటి తాతా, దాన్ని మచ్చిక చేసుకున్నా! అసలు స్పీడుబోటుకి ప్రాణమంతా ఎక్కడుంటుందో తెలుసా? ఇంజన్లో కాదు. వెనకాల అడుగున అటొకటి ఇటొకటి రెండు స్టీలు రేకులుంటాయి, ట్రిమ్ ట్యాబులంటారు, మన భోజనం పళ్ళెమంత ఉంటాయి. చుక్కాని చక్రం పక్కన రెండు మీటలు. మీట నొక్కావనుకో, రేకు కిందికి వంగుతుంది, నీళ్ళొచ్చి దాన్ని పైకి తంతాయి, బోటు వెనక భాగం లేస్తుంది, ముక్కు దిగుతుంది. కుడికి ఒరిగిందా, కుడి రేకు దించు. ఎడమకి ఒరిగిందా, ఎడమది దించు. అంతే విద్య. కానీ వేలి కొసలో ఉండాలి. ఎంతమందికుంటుంది చెప్పు?"

"నీకుంది," అన్నాడు వెల్డరు టీ ఊదుకుంటూ.

"నేనన్నానా? నువ్వే అన్నావు! సరే, బయల్దేరా. స్పీడు పెంచా. పెంచగానే ముక్కు లేచింది చూడు, ముందర సముద్రం లేదు, ఒడ్డు లేదు, ఉత్త ఆకాశం. మిగతా ముగ్గురూ సరిగ్గా ఆ క్షణంలోనే బిక్కచచ్చిపోయారు. నేను రెండు మీటలూ ఒక్క తట్టు తట్టా, ఇలా, పిల్లాడి బుగ్గ తట్టినట్టు. ముక్కు వినయంగా దిగింది. బోటు నీళ్ళ మీదికెక్కి జారడం మొదలెట్టింది. అప్పుడు మీటలు వదిలి రేకులు పైకి లాగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

భార్య టీ వడగడుతూ ఒక చెవి ఇటే పెట్టింది. ఇంతవరకూ నిజమే అయ్యుండొచ్చు అనిపించింది.

"ఒక సముద్రపు కాకి నా పక్కనే ఎగురుతోంది. కాసేపు పోటీ పడింది పాపం. రెక్కలు నొప్పెట్టి, వచ్చి నా భుజమ్మీద వాలింది. పోనీలే ఆడకూతురు అని దింపలేదు."

"ఆడదని నీకెట్లా తెలుసు?" అన్నాడు తాత.

"దారిపొడుగునా నా నడుపుడికి వంకలు పెడుతూనే ఉంది తాతా!"

వెల్డరు పగలబడి నవ్వాడు. భార్య మాత్రం గ్లాసు ఆయన ముందు ఠక్కున పెట్టింది.

"ఇదిగో, ఇలాంటి నిండు గ్లాసే చక్రం ముందర పెట్టుకున్నా. మలుపు తిరుగుతుంటే బోటు ఎడమకి ఒరిగింది. ఎడమ రేకు ఒక వెంట్రుకవాసి దించా. గ్లాసులో టీ కదల్లేదు. పైన కట్టిన మీగడ కూడా ముడత పడలేదు. అప్పుడొచ్చింది ఎదురుగా పెద్ద ఓడ. అది లేపిన అల ఎంతెత్తుందీ, ఆ గోదాములున్నాయే, వాటి రెండు రెట్లు. మామూలోడైతే దండం పెట్టుకుంటాడు. నేను స్పీడు తగ్గించలేదు. అల మీదికెక్కించా. బోటు గాల్లోకి లేచింది."

"లేస్తుందిలే, కొంచెం లేస్తుంది," అన్నాడు తాత దయతలచి.

"కొంచెమా! గాల్లో ఉండగా రెండు మీటలూ మార్చిమార్చి నొక్కా. కిందికీ పైకీ, కిందికీ పైకీ. రేకులు రెక్కల్లా కొట్టుకోవడం మొదలెట్టాయి. అలా ఓడ మీంచే పోయా! ఓడలో వంటవాడు బట్టలారేసుకుంటున్నాడు. తలవంచవయ్యా అని నేను అరిస్తే, వాడు వంచి, సెల్యూట్ కొట్టి మరీ..."

"చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు," అన్నాడు వెల్డరు. కానీ లేచి పోలేదు. ఇంకో టీ చెప్పాడు.

ఆ టీ పోస్తున్నప్పుడే భార్య చూసింది. గేటు దాటి మేడమ్ వస్తోంది. చేతిలో అట్ట, దానికి బిగించిన కాగితం, కలం. సరంగు వీపు అటుంది. మేడమ్ వచ్చి కొట్టు స్తంభం పక్కన నిలబడి, పలకరించకుండా వింటోంది. వింటూ ఏదో రాస్తోంది.

భార్య దగ్గింది. గరిటెతో గిన్నె మీద టంగుమని కొట్టింది. కనుబొమలెగరేసి స్తంభం వైపు చూపించింది.

సరంగు ఆ చూపు చూసి ఉబ్బిపోయాడు. "చూశారా, మా ఆవిడ కూడా ఆ వెనకాల అల సంగతి చెప్పమంటోంది! అసలుది అదే మరి. దీపస్తంభం చుట్టి వెనక్కి తిరిగానా, వెనకనుంచి తరుముకుంటూ వచ్చింది ఇంకో అల. మూడంతస్తుల మేడ. ఆగితే మింగుతుంది, పక్కకి తిప్పితే బోల్తా. ఏం చేశానో తెలుసా? ఫుల్ స్పీడు ఇచ్చి, రెండు రేకులూ పూర్తిగా కిందికి నొక్కేశా! ముక్కు నీళ్ళలోకి దిగబడింది. బోటు మునిగింది. మునిగి అడుగునే పోతున్నా, చేపలు దారిస్తున్నాయి..."

"ఇక చాలు, టీ చల్లారిపోతోంది!" అంది భార్య.

"చల్లారనియ్యవే. పైకి తేలేసరికి రేవు ముందున్నా. చూస్తే మెట్ల దగ్గర ఎవడో తాడు విప్పుతున్నాడు. ఎవడ్రా వీడు, చొక్కా తెలిసినట్టుందే అని చూద్దును కదా, నేనే! బయల్దేరుతున్నా! అంత తొందరగా వచ్చేశా. నా నీడైతే పది నిమిషాల తర్వాత రొప్పుకుంటూ వచ్చి కాళ్ళ దగ్గర పడింది."

వెల్డరు బల్ల చరిచి నవ్వుతున్నాడు. తాత కళ్ళు తుడుచుకుంటున్నాడు. సరంగు ఇంక టీ తాగుదామని గ్లాసెత్తాడు.

"నీడకి ఎన్ని నిమిషాలన్నారు, సరంగుగారూ? పదేనా?" అంది మేడమ్.

సరంగు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. గ్లాసు దించి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. ఒంటరిగా వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడ ఏం చేశారో వాళ్ళ నోటితో చెప్పాలి, నేను వాళ్ళ మాటల్లోనే రాసి ఆఫీసుకి పంపాలి. అది మా పద్ధతి. మిగతా ముగ్గురూ చెప్పి వెళ్ళారు. మీరేమో తాడు కట్టగానే మాయమయ్యారు. వెతుక్కుంటూ వచ్చా. మీరెలాగూ చెబుతున్నారు కదా అని రాసుకున్నా." అట్ట ఎత్తి చదివింది. "సముద్రపు కాకి, భుజమ్మీద. మీగడ ముడత పడలేదు. ఓడ మీంచి ఎగురుట, వంటవాడి సెల్యూట్. నీడ, పది నిమిషాలు. అంతా ఉందా, ఏమైనా వదిలేశానా?"

వెల్డరు నవ్వు ఆపి గ్లాసు కింద పెట్టాడు.

"ఇవన్నీ ఆఫీసులో చదివి నవ్వుకుంటారు, పట్టించుకోరు. కానీ ఇది మాత్రం పట్టించుకుంటారు." కలంతో ఒక వరుస చూపించింది. "వెనకనుంచి అల. ఫుల్ స్పీడు. రెండు రేకులూ పూర్తిగా కిందికి. పొద్దున ఈ విషయంలో నేనేం చెప్పాను?"

సరంగు చేతులు కట్టుకున్నాడు. "వెనకనుంచి అల వస్తుంటే రేకులు రెండూ ఎత్తేసి ఉంచాలన్నారు. ముక్కు తేలిగ్గా ఉండాలన్నారు."

"దించితే?"

"ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది. వెనక భాగం గిర్రున తిరిగి బోల్తా పడుతుంది."

"ఓడ మీంచి ఎవరూ ఎగరలేదు కాబట్టి అది నేను నమ్మను. కానీ ఈ పని చేసినవాళ్ళు ఉన్నారు. కాబట్టి ఇది నమ్ముతాను. ఈ బోటులో స్ట్రెచర్ మీద కట్టేసి పడుకోబెట్టిన మనిషి ఉంటాడు సరంగుగారూ, వాడు ఈదలేడు. మీరు నిజంగా ఇది చేసుంటే ఇక్కడ పనికిరాడని రాస్తా. మలుపు అవతల ఏం జరిగిందో నాకు కనబడలేదు. మీరే చెప్పాలి. నిజమా, కోతా?"

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. భార్య పొయ్యి తగ్గించడం కూడా మరిచిపోయింది. కోత కోశానన్న మాట ఆయన నోట ఆవిడ ఎన్నడూ వినలేదు. ఎన్నిసార్లు పట్టుకున్నా, అబద్ధానికి ఇంకో గది కట్టేవాడే కానీ కూల్చేవాడు కాదు. ఇప్పుడూ అంతే చేస్తాడేమో, ఆ అల నాలుగంతస్తులంటాడేమో అని ఆవిడ భయపడింది. చెప్పవయ్యా, ఈ ఒక్కసారికి చెప్పు, నా తండ్రి కదూ అని లోపల్లోపల బతిమాలుకుంది.

సరంగు వెల్డరు వైపు చూశాడు. తాత వైపు చూశాడు. ఆఖరికి భార్య వైపు చూశాడు.

"కోత," అన్నాడు.

"ఏది?"

"మొత్తం తల్లీ. కాకి దగ్గర్నుంచీ." తల వంచుకుని, నేలకి చెబుతున్నట్టు చెప్పుకొచ్చాడు. "మలుపు దాటగానే భయమేసింది. ముప్పై ఏళ్ళలో అంత స్పీడు నేనెరగను. తగ్గించేశా. నీళ్ళు కాస్త నిదానంగా ఉన్నచోట కుడి మీట ఒక తట్టు తట్టి, ఎంత లేస్తుందో చూసి, వదిలేసి, ఎడమది తట్టి, మళ్ళీ చూసి... అలా ఓ పాతికసార్లు చేశా. వేలికి తెలిసేదాకా. తిరిగొచ్చేటప్పుడు వెనకనుంచి అల వచ్చింది. మోకాలెత్తుది. రేకులు రెండూ ఎత్తేసి, అది నన్ను దాటి పోయేదాకా స్పీడు పెంచలేదు. అందుకే ఆలస్యమైంది. ముసలాడు ఇంతసేపేం చేశాడని మీరడుగుతారనీ, అడిగితే ఇది చెప్పుకోవాలనీ సిగ్గేసి వచ్చేశా."

మేడమ్ తలూపింది. రాసిన కాగితం చింపి మడిచి జేబులో పెట్టుకుంది. అట్ట మీద తెల్లకాగితం పెట్టి కొత్తగా రాయడం మొదలెట్టింది.

"మిగతా ముగ్గురూ పన్నెండు నిమిషాల్లో వచ్చారు. మీటలు తట్టి చూశారా అంటే, అన్నీ వచ్చేశాయండీ అన్నారు," అంది రాస్తూనే. "సోమవారం పొద్దున ఆరింటికి పనిలోకి రాగలరా?"

వెల్డరు సరంగు వీపు మీద ఒక్కటి వేశాడు. భార్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పాలు సగం పొయ్యిలోకి పోయినా పట్టించుకోలేదు. సరంగుకి మాత్రం పోయిన రంగంతా ముఖంలోకి తిరిగొచ్చింది. నడుం నిటారైంది. చెయ్యి కాలరు మీదికి వెళ్ళింది.

"ఆరేంటి తల్లీ, ఐదింటికే వస్తా! అసలు స్పీడుబోటుని అంత నెమ్మదిగా నడిపిన మొనగాడు ఏడు సముద్రాల్లో ఉన్నాడేమో చూపించమనండి. ఎంత నెమ్మదంటే, రాళ్ళకట్ట మీంచి ఒక నత్త దిగి, ఈదుకుంటూ వచ్చి, నన్ను దాటిపోతూ వెనక్కి తిరిగి..."

మేడమ్ కలం ఆగింది.

భార్య ఒక్క అంగలో కొట్టులోంచి బయటికొచ్చి, తడిచెయ్యి తడిచెయ్యిలాగే ఆయన నోటి మీద అదిమిపెట్టింది.

"నత్త లేదమ్మా," అంది. "మీరు రాసుకోండి."

మేడమ్ సంతకం పూర్తయి, కలానికి మూత పడేదాకా ఆవిడ ఆ చెయ్యి తియ్యలేదు.